తూల్దే రేవులో పాలగిన్నె

తూల్దే,
9 నవంబర్ 2006

చెల్లి మైరమ్‌కు,

అల్లా దయ వల్ల ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వెలా ఉన్నావు? పిల్లలెలా ఉన్నారు? మీ ఆయనెలా ఉన్నాడు, ఆయన దగ్గెలా ఉంది? మీ వీధి కుళాయి, మీ మేక, మీ పక్కింటి ముసలామె, అందరి సంగతీ రాయి.

ఫోను చెయ్యమని కబురు పెట్టావు. ఊరంతటికీ ఉన్న ఫోను సాంబా దుకాణంలోదే. అక్కడ మాట్లాడితే ఉల్లిపాయలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా మన మాటలు విని వెళ్తారు. అందుకే ఈ ఉత్తరం మీ పడవ సరంగు వాలీ ఫాయ్ చేతికిస్తున్నాను. ఆయన సెరేర్ తెగవాడు. వాళ్ళకీ మన పశువులవాళ్ళకీ వేళాకోళం తాతల నాటి హక్కు కదా, రేవులో దిగుతూనే మొదలుపెట్టాడు.

"ఏమే బానిసా, నీ యజమాని వచ్చి నిలబడ్డాడు, పాలేవీ?"

"ముందు మూతికంటిన మెతుకులు తుడుచుకో. యజమానివో తిండిపోతువో అప్పుడు చూద్దాం" అన్నాను.

రెండు గిన్నెలు తాగి, పాలలో నీళ్ళు కలిపావని తిట్టి వెళ్ళాడు. మంచి మనిషి.

అసలు సంగతి ఇది. మీ పడవ ఆఫీసువాళ్ళు మా ఊరి పెద్దతో మాట్లాడారు. ఈ ఏడు నుంచి ప్రతి గురువారం పడవ తూల్దేలో ఆగుతుందట. ప్రయాణికులు ఒక ఇంట్లో గంటసేపు చాప మీద కూర్చుంటారట. చదువుకున్నదాన్ని, నాలుగు ఫ్రెంచి ముక్కలు వచ్చినదాన్ని అని పెద్ద మా ఇంటికే వేలు చూపించాడు. మీ బావ హమాత్ అప్పుడే పందిరికి కొత్త గడ్డి వేయిస్తున్నాడు.

నది అంటే మనకు బిందెలు, బట్టలు, చేపలు. ఏ పనీ లేకుండా ఆరు రోజులు నది మీద కూర్చోడానికి సముద్రాలు దాటి వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో నాకు తోచడం లేదు. నువ్వు వాళ్ళ దగ్గర పని చేస్తున్నావు. నేను ఏం అనుకుని సిద్ధపడాలో రాయి. నా ఇంట్లో అతిథికి లోటు జరిగిందని ఎవరూ అనకూడదు.

నీ అక్క,
పెండా

సెన్‌లూయి,
18 నవంబర్ 2006

అక్కయ్యకు,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మా మేక బాగుంది. మీ మరిది దగ్గు కూడా బాగుంది, ఆయనకంటే అదే బలంగా ఉంది.

నేను పని చేసేది పడవలో కాదక్కా, ఒడ్డున. శనివారం పడవ వచ్చి ఆగితే ఇరవై ఎనిమిది గదుల దుప్పట్లూ, తువ్వాళ్ళూ మా దగ్గరికి వస్తాయి. ఆరుగురు ఆడవాళ్ళం ఉతికి, ఇస్త్రీ చేసి సాయంత్రానికి తిరిగి పంపాలి. వాళ్ళ మొహాలు నేను సరిగా చూడలేదు. దుప్పట్లే చూశాను. అవి చాలు. అందరూ పెద్ద వయసువాళ్ళు. మంచానికి ఒక పక్కనే పడుకుని రెండో పక్క ముడత పడకుండా వదిలేసినవాళ్ళు ఉంటారు, భర్తో భార్యో పోయినవాళ్ళన్నమాట. మోకాళ్ళకు తైలం రాసుకుంటారు. మొదటి రెండు రోజులూ ఎండకు ఒళ్ళు కాలుతుంది, దిండుకు మందు అంటుకుంటుంది.

పడవలో ఏం చేస్తారంటావా? తింటారు, గంట కొడితే మళ్ళీ తింటారు. మధ్యాహ్నం పడుకుంటారు. కుర్చీల్లో కూర్చుని ఒడ్డున నీళ్ళు ముంచుకునే మనల్ని చూస్తారు. మిద్దె మీద ఈతకని చిన్న తొట్టె కట్టారు. నది మీద పడవ, పడవ మీద నీళ్ళు. వాలీ ఫాయ్‌ని అడుగు, అబద్ధమైతే.

చెడ్డవాళ్ళు కారు. ఫొటో తియ్యాలంటే అడిగి తీస్తారు. పిల్లలకు కలాలు ఇస్తారు. నువ్వు ఎక్కువ ఆర్భాటం చెయ్యకు. టీ ఒక్కటి పెట్టు, చాలు. ఇంకేమీ పెట్టొద్దు.

నీ చెల్లెలు,
మైరమ్

తూల్దే,
30 నవంబర్ 2006

మైరమ్,

దేవుడు నీ ఇంటిని చల్లగా చూడాలి. మనసు బాగోలేక రాస్తున్నాను.

రెండు గురువారాలు గడిచాయి. మొదటిసారి పదకొండుమంది వచ్చారు. నువ్వు చెప్పినట్టే ఉన్నారు, తెల్ల టోపీలు, కర్రలు, మర్యాద. వాళ్ళను తీసుకొచ్చే బిరాన్ అనే పట్నపు కుర్రవాడు మన ఇంటి గురించి ఏదో చెప్పాడు, వాళ్ళు తలలూపారు. నేను పొద్దున్నే ఓలేని పిండాను. ఓలే నీకు తెలియదులే, నువ్వెరిగిన పసుపు ఆవు మనవరాలు. అమ్మ వాడిన చెక్క గిన్నె కడిగి, నిండా పాలు పోసి, సొరబుర్ర గరిటె వేసి చాప మధ్యలో పెట్టాను.

ఒక్కరూ ముట్టుకోలేదు. గిన్నెను ఫొటో తీసుకున్నారు.

వాళ్ళకు ఏదో ఉపవాసం అనుకున్నాను. రెండోసారి వేరేవాళ్ళు వచ్చారు, మళ్ళీ అదే. ఒకావిడ గిన్నె పెదాల దాకా తెచ్చి, బిరాన్ వైపు చూసి, కింద పెట్టేసింది. మన గడపలోకి వచ్చినవాడు ముందు పాలు తాగుతాడు, ఆ తరవాతే పేరు అడుగుతాం. తాగనివాడు మనసులో ఏదో పెట్టుకున్నట్టు. శత్రువు కూడా పెదవి తడుపుతాడు. చుట్టుపక్కల ఆడవాళ్ళు కంచె మీంచి చూస్తూనే ఉన్నారు. పక్కింటి రాకి అడగనే అడిగింది, "ఏం పెండా, నీ పాల మీద ఎవరైనా చాడీ చెప్పారా?" అని.

ఎవరు చెప్పి ఉంటారు? పడవలో మనల్ని ఎరిగినవాళ్ళు వాలీ ఫాయ్ తప్ప లేరు. ఆయన వచ్చినప్పుడల్లా నన్నేదో పేరు పెట్టి తిట్టి గిన్నె ఖాళీ చేసి వెళ్తాడు. నీకేమైనా తెలుసా? టీ ఒక్కటే పెట్టమని ఎందుకు రాశావు?

అక్క

సెన్‌లూయి,
16 డిసెంబర్ 2006

అక్కయ్యకు సలాములు.

చాడీ ఎవరూ చెప్పలేదు. ప్రయాణం మొదలుపెట్టేముందు ఆఫీసువాళ్ళు వాళ్ళకొక కాగితం ఇస్తారు, ఈ నదీ విహారంలో ఏమేం ఉంటాయి, ఎలా మసలుకోవాలి అని. పెద్ద టోపీ తెచ్చుకోండి, దోమతెర వేసుకోండి, ఒడ్డున పచ్చి నీళ్ళూ పచ్చి పాలూ తాగకండి. అన్ని ఊళ్ళకూ అదే మాట. నీ ఇంటిని గురించి కాదు.

వాళ్ళ కడుపులు అలాంటివి అక్కా. నువ్వు దీన్ని మనసులో పెట్టుకోకు. పాలు మానెయ్యి. టీ అయితే మరుగుతుంది కాబట్టి తాగుతారు. నేను కూడా ఇక్కడ పాలు కాచే పిల్లలకిస్తాను. డాక్టరు చెప్పాడు. ఇన్నేళ్ళుగా అలాగే ఇస్తున్నాను.

పెద్ద పిల్ల కుంబాకు ఏడు నిండాయి. పళ్ళూడిపోయి ముసలమ్మలా మాట్లాడుతోంది. నిన్ను చూడాలంటోంది.

మైరమ్

తూల్దే,
18 జనవరి 2007

పాలు కాచే ఇల్లాలికి,

కోపంగా రాయడం లేదు, నవ్వుతూనే రాస్తున్నాను. నువ్వు పాలు పొయ్యి మీద పెడుతున్నావని విని మీ బావ నోరు తెరిచాడు. పాలు మంట మీద పెడితే ఆ మంట ఆవు పొదుగుకు తగులుతుందని అమ్మ చెప్పేది. పట్నంలో మీకు ఆవులు లేవు, పొదుగులు లేవు, పొట్లాల్లో పాలు. మీకు ఆ భయం లేదు. మన ఇళ్ళల్లో పాలు పొయ్యెక్కవు, ఎక్కకూడదు.

మంచి వార్త ఉంది. పోయిన గురువారం ఒక ముసలామె వచ్చింది. ఎనభై ఉంటాయి. కర్ర పట్టుకుని అందరికన్నా వెనక వచ్చింది. గిన్నె పెట్టగానే బిరాన్ ఏదో అనబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా రెండు చేతులతో ఎత్తి, గుక్క తిప్పుకోకుండా తాగేసింది. పై పెదవి మీద తెల్ల మీసం. చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లోనూ ఆవులుండేవని, ఈ వాసన మళ్ళీ ఇన్నాళ్ళకు తగిలిందని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. బిరాన్ ముఖం మాడ్చుకున్నాడు. నేను మాత్రం పండగ మాంసం తిన్నప్పుడు కూడా అంత తృప్తి పడలేదు. రాకిని కంచె దగ్గరికి పిలిచి మరీ ఖాళీ గిన్నె చూపించాను.

శుక్రవారం నమాజు అయ్యాక అలసాన్ దగ్గరికి వెళ్ళాను. మసీదు వెనక ఇసుక జరిగిపోతే సరిచేసి, తలవైపు రాయి మళ్ళీ నిలబెట్టాను. ప్రతి శుక్రవారం వాడికి నీ తరపున కూడా దువా చేస్తాను. నీకు ఎప్పుడూ రాయలేదు, ఇవాళ ఎందుకో రాశాను.

పెండా

సెన్‌లూయి,
3 ఫిబ్రవరి 2007

అక్కయ్యకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

నీ ముసలామె తొమ్మిదో నంబరు గదిలో ఉండేది. పాలు తాగిన మర్నాటి నుంచి ఆవిడకు విరేచనాలు. పడవ చివరి రేవు పొదోర్‌లో మందు ఇప్పించి, కారులో ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు. బతికింది, వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆవిడ దుప్పట్లు నా దగ్గరికి వచ్చాయి. మిగతా ఆడవాళ్ళు మేం ముట్టుకోం అంటే నేనే ఉతికాను.

నీళ్ళలో ముంచగానే ఆ వాసన. అక్కా, ఆ వాసన నేను ఎరుగుదును. కుంబాను కని బాలింతగా ఉన్నాను కాబట్టి అలసాన్‌ను రెండు వారాలు నీ దగ్గర ఉంచాను. మూడేళ్ళవాడు. వాడు పోయాక నువ్వు వాడి బట్టల మూట పంపావు. ఉతికే పంపావు, అయినా ఒక చొక్కా మడతలో మిగిలిపోయింది. నేను వచ్చేసరికి మట్టి కూడా ఆరిపోయింది. వాడి ముఖం చూడలేదు. నాకు మిగిలింది ఆ వాసనే.

తొమ్మిదో గది దుప్పట్లు ఆరేసి, తడి చేతులతోనే ఆఫీసులోకి వెళ్ళాను. మేనేజరమ్మ, ఏమైందో నీకేమైనా తెలుసా, నీ ఊరే కదా అంది. చెప్పాను. ఆ ఇంట్లో పాలు తాగి నా కొడుకు పోయాడు, మీ కాగితంలో తూల్దే పేరు పెట్టి రాయండి అన్నాను. రాశారు.

నేను చెప్పింది ఇదీ. ఇంకొకరి నోట వినేకంటే నా చేతిరాతలో చదవడం మంచిదని రాస్తున్నాను.

మైరమ్

తూల్దే,
1 మార్చి 2007

మైరమ్‌కు,

సలాం.

నీ ఉత్తరం అందకముందే ఆ కాగితం నాకు అందింది. ఒకాయన చాప మీద మరిచిపోయి వెళ్ళాడు. ఇస్త్రీ మడతలా మడిచి ఉంది. పక్షులు, సూర్యాస్తమయం, మట్టి మసీదులు, ఆ తరవాత మా ఊరు. తూల్దేలో చక్కటి పశువుల కాపరుల కుటుంబాన్ని కలుస్తారు. వాళ్ళిచ్చే పాలు దయచేసి తాగకండి. చదవడం వచ్చినందుకు మొదటిసారి బాధపడ్డాను.

ఎవరో పరాయి మనిషి రాశాడని అనుకున్నాను. నాలుగు రోజులు వాడిని తిట్టుకున్నాను.

ఏడేళ్ళు మైరమ్. వాడు పోయాక వచ్చిన రోజు నువ్వు నా భుజం మీద తల పెట్టి, అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు అన్నావు. నేను నమ్మాను. ఆ ఏడేళ్ళలో ఒక్కసారి, అక్కా, వాడేం తిన్నాడు, ఏం తాగాడు అని నన్ను అడిగి ఉంటే ఏం పోయేది? నన్ను అడగలేదు. మేనేజరమ్మకు చెప్పావు.

వాడు పాలు తాగాడు. నదిలో నీళ్ళూ దోసిళ్ళతో తాగాడు. పచ్చి పుచ్చకాయలు తిన్నాడు. అదే గిన్నెలో నా పిల్లలూ తాగారు. ఏది వాడిని తీసుకెళ్ళిందో నాకు తెలియదు. తెలిసినట్టు నువ్వు అచ్చు వేయించావు.

పాలు పెట్టడం మానవా అని మీ బావ అడిగాడు. మానను అన్నాను. కాచి పెట్టు, గొడవ ఉండదు అన్నాడు. కాచను. నేను బతికుండగా ఈ ఇంట్లో పాలు పొయ్యి ఎక్కవు. ఎక్కించానంటే నా పాలే ఆ పిల్లాడిని చంపాయని నా చేతులతో నేనే ఒప్పుకున్నట్టు. తాగకపోతే పోనీ, గిన్నె పెడుతూనే ఉంటాను. వచ్చినవాళ్ళంతా చూసి లేస్తారు, తరవాత వాలీ ఫాయ్ వచ్చి తాగుతాడు. పోయిన గురువారం ఆయన కూడా వేళాకోళం ఆడలేదు. గిన్నె దించి, "పెండా, నీ కళ్ళేంటి అలా ఉన్నాయి?" అని అడిగాడు. పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

పెండా

సెన్‌లూయి,
24 మార్చి 2007

అక్కయ్యకు,

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల కింద దాచుకుని రోజూ చదువుతున్నాను.

ఈ ఏటి పడవ కాలం ముగిసేముందు ఆఫీసువాళ్ళు పనివాళ్ళలో ఒకరిని ప్రయాణికురాలిగా ఒక ట్రిప్పు తీసుకెళ్తారు. ఈ ఏడు నా పేరు వచ్చింది. ఏప్రిల్ 19, గురువారం, పడవతో వస్తాను. ఆగేది గంటే. చాప మీద అందరితో పాటు కూర్చుంటాను. పక్కకు పిలిచి మాట్లాడకు, నేను తట్టుకోలేను. అతిథులకు ఏం చేస్తావో నాకూ అదే చెయ్యి.

నేనొక నిర్ణయానికి వచ్చాను. అది కాగితం మీద పెట్టేది కాదు. వచ్చాక నువ్వే చూస్తావు.

మైరమ్

పొదోర్,
21 ఏప్రిల్ 2007

అక్కయ్యకు,

ప్రయాణికులంతా ఇక్కడ దిగిపోయారు. నేను బస్సులో వెళ్తున్నాను. ఖాళీ పడవ తీసుకుని వాలీ ఫాయ్ కిందికి వస్తున్నాడు, అతని చేతికి ఇస్తున్నాను.

నీకు ఆశ్చర్యంగా ఉంటుంది, నేను ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే పడుకున్నాను. మూల మీద నేను వేసిన కుట్టు ఉంది. నాకూ తెల్ల టోపీ ఇచ్చారు. బల్ల దగ్గర కూర్చోబెట్టి చేప వడ్డించారు, వడ్డించినవాడు మా పక్క వీధివాడు, నా ముఖం చూడకుండా వడ్డించాడు. తూల్దే వచ్చేముందు బిరాన్ కాగితం పైకి చదివాడు. నా వాక్యం కూడా చదివాడు. పక్కనున్న పెద్దాయన నన్ను, మీరు ఆ ఊరు ఎప్పుడైనా చూశారా అని అడిగాడు.

నా నిర్ణయం ఏమిటో ఇప్పుడు చెప్తాను. ఆ గిన్నె ఎత్తి అందరి ముందూ తాగుదామని వచ్చాను. పచ్చి పాలు, ఏడేళ్ళ తరవాత. తాగి, ఈ కాగితం రాయించింది నేనే, తప్పు రాయించాను అని బిరాన్‌తో చెప్దామనుకున్నాను. పడవలో ఐదు రోజులూ ఆ మాటలే లోపల తిప్పుకున్నాను.

నువ్వు గిన్నె ముందుగా నాకే ఇచ్చావు. లోపలికి చూశాను. పాల మీద మీగడ కట్టి ముడతలు పడి ఉంది. రోజూ పొద్దున నా వంటింట్లో చూసే మీగడ అక్కా. పచ్చి పాల మీద అలా కట్టదు.

పొయ్యి మీద పెడితే ఒప్పుకున్నట్టేనని రాసింది నువ్వే. ఆ మాట పట్టుకునే నేను నిన్ను నమ్మాను. మా అక్కకు ఏమీ తెలియదు, అనవసరంగా నింద వేశాను అనుకునే బయల్దేరాను. నువ్వేమో ఒప్పుకున్నావు, నోటితో కాదు, గిన్నెతో. అప్పుడు నా చెయ్యి పైకి లేవలేదు. గిన్నె పక్కాయనకు ఇచ్చేశాను. ఆయన కింద పెట్టేశాడు. బిరాన్ నా వైపు మెచ్చుకోలుగా చూశాడు.

తెలిసి ఏడేళ్ళు ఎందుకు దాచావు? ఆ ఒక్కటీ చెప్పు. ఇంకేమీ అడగను.

మైరమ్

తూల్దే,
26 ఏప్రిల్ 2007

మైరమ్‌కు,

అల్లా నీకూ నీ పిల్లలకూ ఆరోగ్యం ఇవ్వాలి.

పడవ ఆగలేదు. వాలీ ఫాయ్ వేగం తగ్గించి, నీ ఉత్తరం రాయికి కట్టి ఒడ్డుకు విసిరాడు. "బానిసా, నా పాలు నవంబరుకు దాచు" అని అరిచాడు. పడవ వంపు తిరిగేదాకా నిలబడ్డాను. ఈ ఉత్తరం పొదోర్ వెళ్ళే బస్సువాడి చేతికిస్తాను.

నాకేమీ తెలియదు. ఆ రోజూ తెలియదు, ఇవాళా తెలియదు. తెలిసి కాచలేదు. నువ్వు భయపడతావని కాచాను.

నిర్ణయానికి వచ్చానని రాశావు. ఎదురుగా కూర్చుని, వాళ్ళలాగే గిన్నె పక్కన పెట్టి, అందరి ముందూ నా మీద నింద చెప్పడానికి వస్తున్నావనుకున్నాను. కాదులే, మా చెల్లి మనసు మెత్తన, తాగాలనే ఉంటుంది, కొడుకు గుర్తొచ్చి తాగలేకపోతుంది అని మళ్ళీ అనుకున్నాను. నా పంతం కంటే నీ భయం పెద్దదనిపించింది. తెల్లవారగానే మేకల కొట్టంలో మూడు రాళ్ళు పెట్టి ఎవరూ చూడకుండా కాచాను. పాలు పొంగుతాయని నాకు తెలియదు మైరమ్, ఎప్పుడైనా కాచానా? మొదటిసారి అన్నీ బూడిదలో పోయాయి. రెండోసారి అడుగంటాయి. మూడోసారికి గిన్నెడు మిగిలాయి. వెళ్ళి ఓలే పొదుగు మీద చెయ్యి పెట్టి, తప్పైపోయింది, నా చెల్లెలి కోసం అని చెప్పాను. మీగడ సంగతీ నాకు తెలియదు. తెలిస్తే తీసేసేదాన్ని.

కాచాను, తాగు అని నోటితో చెప్పవచ్చు కదా అంటావేమో. వాళ్ళ ముందు ఆ మాట అంటే ఇన్నాళ్ళూ వాళ్ళకు పెట్టినవి తాగడానికి పనికిరానివని చెప్పినట్టే కదా. నీ కళ్ళకు తెలుస్తుందనుకున్నాను. తెలిసింది.

మీరు రేవు దిగి వెళ్ళాక గిన్నె అలాగే ఉంది. వాలీ ఫాయ్ వస్తే మీగడ చూసి ఊరంతా చాటుతాడని లోపల దాచి, ఆ పాలు నేనే తాగాను. యాభై ఏళ్ళకు మొదటిసారి. కొంచెం పొగ వాసన, అంతే. ఆ రోజు నుంచి ఓలే పాలు సరిగా చేపడం లేదు. ఎందుకో మీ బావకు చెప్పలేదు.

కుంబాను ఇక్కడికి పంపమని నేను అడగను. అలసాన్ దగ్గరికి శుక్రవారం వెళ్తూనే ఉంటాను, అది మనిద్దరి గొడవలోది కాదు.

మీ ఆఫీసువాళ్ళకు కాగితం మార్చనక్కర్లేదని చెప్పు. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నువ్వు అందులో చెప్పినట్టే, నవంబరు నుంచి టీ ఒక్కటే పెడతాను.

పెండా